కాకి గూట్లో కోకిల గుడ్డు



కంప్యూటరులో దొంగ పడితే తలుపు విరగదు, తాళం పగలదు. మరి వాడు వచ్చి వెళ్ళినట్లు తెలిసేదెట్లా?

1986 ఆగస్టు. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో కంప్యూటరు వాడుకున్నవారు, వాడిన సమయానికి రుసుము కట్టాలి. రెండు లెక్కలకు 75 సెంట్ల తేడా వచ్చింది. అది తేల్చే పని క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడి మీద పడింది. అణా తేడా వస్తే రాత్రంతా దీపం ముందు కూర్చునే పాతకాలపు కరణాల కోవవాడాయన. వెతగ్గా బిల్లు పంపే చిరునామా లేని ఖాతా ఒకటి, హంటర్ అనే పేరుతో, బయటపడింది.

అసలు కిటుకు వేరే ఉంది. యూనిక్స్ వ్యవస్థలో అయిదు నిమిషాలకోసారి తనంతట తాను నడిచే 'ఎట్‌రన్' అనే ఫైలు ఉండేది. ఈమాక్స్ ప్రోగ్రాములోని లొసుగును ఆసరా చేసుకొని, చొరబాటుదారు నకిలీ ఫైలును అదే పేరుతో పెట్టాడు. కంప్యూటరు దాన్ని తన బిడ్డే అనుకొని సర్వాధికారాలతో నడిపింది. పని కాగానే అసలు ఫైలును యథాస్థానంలో ఉంచేశాడు! స్టోల్ 1989లో ప్రచురించిన పుస్తకానికి కోకిల గుడ్డనే అర్థం వచ్చే పేరు పెట్టడం ఇందుకే.

స్టోల్ అతణ్ణి తరిమెయ్యలేదు. లైన్లకు ప్రింటర్లు తగిలించి, అతడు కొట్టిన ప్రతి అక్షరాన్నీ కాగితం మీదికి రప్పించాడు. కంప్యూటరులో రాసి పెడితే దొంగ చెరిపెయ్యగలడు, కాగితాన్ని చెరపలేడు కదా! రక్షణ రహస్యాల్లా కనిపించే బూటకపు ఫైళ్ళను ఎర వేసి, ఎక్కువసేపు లైనులో నిలిపాడు. జాడ పశ్చిమ జర్మనీలోని హానోవర్ నగరంలో మార్కస్ హెస్ దగ్గర తేలింది. సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీకి సమాచారం అమ్మినందుకు 1990లో అతడికీ, సహచరులకూ శిక్ష పడింది. దాని అమలు మాత్రం నిలిపివేశారు.

ఆ తర్వాత ఫైళ్ళనే సాక్షులుగా నిలబెట్టే పనిముట్లు వచ్చాయి. 1992లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో జీన్ కిమ్, యూజీన్ స్పాఫర్డ్‌లు తయారుచేసిన ట్రిప్‌వైర్ ప్రతి ఫైలుకూ వేలిముద్ర వంటి సంఖ్యను లెక్కగట్టి దాచుకుంటుంది. ఒక్క అక్షరం మారినా ముద్ర కలవదు. దాచిన పట్టీ దొంగ చేతికి చిక్కితే మాత్రం అంతా వృథా.

2000లో డాన్ ఫార్మర్, వీట్సే వెనెమాలు విడుదల చేసిన పనిముట్లకు శవపరీక్షాధికారి పేరే పెట్టారు. ఫైలును చివరిసారి చదివిందెప్పుడు, మార్చిందెప్పుడు, దాని వివరాల పట్టీ మారిందెప్పుడు అనే మూడు కాలాలను అవి వరుసలో పేరుస్తాయి. అయస్కాంత డిస్కులో చెరిపేసిన ఫైలు కూడా సాధారణంగా వెంటనే పోదు. దాని చోటు ఖాళీ అని గుర్తు మాత్రమే పడుతుంది. మరొకటి వచ్చి కూర్చునేదాకా అక్షరాలు డిస్కులోనే ఉంటాయి.

అయితే అనుమానం రాగానే కంగారుగా ఫైళ్ళన్నీ తెరిచి చూశామనుకోండి, చివరిసారి చదివిన కాలాలు మారిపోవచ్చు. దొంగ అడుగుల మీద మన అడుగులే పడతాయి. అందుకే నిపుణులు ముందుగా డిస్కుకు పూర్తి నకలు తీసి, ఆ నకలు మీదనే పరీక్ష సాగిస్తారు.