నాడీ పునరావాస విద్య: చారిత్రక నేపథ్యం

పక్షవాతం వచ్చిన రోగికి ప్రాణం దక్కడం ఒక ఎత్తు, మళ్లీ లేచి నడవడం మరో ఎత్తు. ఈ రెండో పనికి తోడ్పడేదే నాడీ పునరావాస చికిత్స. దీని చరిత్రను పరిశీలిద్దాం.

రెండో ప్రపంచ యుద్ధంలో వెన్నుపాము దెబ్బతిన్న సైనికుల కోసం 1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ ప్రత్యేక విభాగం ప్రారంభించారు. మన దేశంలో ఈ అవసరాన్ని చాటింది పోలియో. బొంబాయిలో ఆ వ్యాధి ప్రబలిన తరువాత, 1950ల ఆరంభంలో కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఫిజియోథెరపీ శిక్షణ మొదలైంది. హైదరాబాద్‌లో 1960లలో నిజాం ధర్మనిధితో వెలసిన ఎముకల ఆసుపత్రి తరువాత నిమ్స్‌గా ఎదిగింది. అక్కడ నాడీశాస్త్రాలు ప్రత్యేకాంశంగా ఫిజియోథెరపీలో పీజీ కోర్సు నడుస్తోంది.

2014లో భారతదేశం పోలియో రహితమైంది. అయినా పునరావాస అవసరం తీరలేదు. పోలియో ఊళ్లకు ఊళ్లను తాకి ప్రభుత్వాలను కదిలించింది. పక్షవాతం ఒక్కో ఇంటిని విడివిడిగా కుంగదీస్తుంది.

చెన్నూరునే తీసుకోండి. ఈ పట్టణం 2016లో ఆదిలాబాద్ నుంచి కొత్త మంచిర్యాల జిల్లాలోకి వచ్చింది. మంచిర్యాలలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. వైద్యవిద్య దగ్గరైంది. కానీ చచ్చుబడిన చేతికి నెలల తరబడి రోజూ సాధన కావాలి. అందుకోసం చెన్నూరు రోగి రోజూ హైదరాబాద్ వెళ్లలేడు. కాబట్టి పీజీ చదివిన నిపుణులు స్థానిక సిబ్బందికి, రోగి కుటుంబానికి ఆ సాధన నేర్పినప్పుడే ఈ విద్య ఫలితం గోదావరి తీరానికి చేరుతుంది.