హంఫ్రీ కథ

సౌత్ డకోటాలో తండ్రి మందుల దుకాణంలో పనిచేసి, తానూ ఫార్మసిస్టుగా చదువుకున్న మనిషి హ్యూబర్ట్ హంఫ్రీ. 1949లో సెనేట్‌లో అడుగుపెట్టగానే ముసలివాళ్ళ వైద్యానికి బీమా కావాలని బిల్లు పెట్టాడు. ఆ ఆలోచన మెడికేర్‌గా చట్టమైన 1965లో ఆయన అమెరికా ఉపాధ్యక్షుడు. అందరి జబ్బుల గురించీ ఆలోచించిన మనిషికి తన జబ్బు సమయానికి బయటపడలేదు.

1967లో ఆయనకు మూత్రంలో రక్తం పడింది. పరీక్షల్లో వాపు అన్నారు. మూత్రంలోని కణాలు చూసినవాళ్ళలో కొందరు అనుమానించారు, కొందరు కాదన్నారు. మాట ఒకటి కాలేదు. మరుసటి ఏడు ఆయన అధ్యక్ష పదవికి పోటీచేసి, నిక్సన్ చేతిలో సుమారు ఐదు లక్షల ఓట్ల తేడాతో ఓడిపోయాడు. లోకం ఆ ఓటమినే చూసింది. 1994లో జాన్స్ హాప్‌కిన్స్ శాస్త్రవేత్తలు దాచి ఉంచిన ఆ 1967 నాటి కణాలనూ తర్వాత ఆయన శరీరం నుంచి తీసిన కణితినీ పోల్చి చూశారు. రెండింటిలోనూ పి53 జన్యువులో క్యాన్సర్‌కు సంబంధించిన ఒకే మార్పు. అంటే ఆయన ఊరూరా తిరిగి ఓట్లడుగుతున్నప్పటికే జబ్బు లోపల ఉంది. ఆనాటి వైద్యానికి దాన్ని చదివే విద్య లేదు.

మూత్రాశయ క్యాన్సర్ ఇలాగే మోసం చేస్తుంది. చాలామందిలో మొదట రక్తం పడుతుంది, నొప్పి ఉండదు. కొన్నాళ్ళకు దానంతట అదే ఆగిపోతుంది. మన ఇళ్ళలో అయితే వేడి చేసిందంటాం. బార్లీ నీళ్ళు, సబ్జా గింజలు, కొబ్బరి బోండాం. రక్తం ఆగితే జబ్బు తగ్గిందనుకుంటాం. ఆడవాళ్ళయితే ఇన్ఫెక్షన్ మాత్రలు మళ్ళీ మళ్ళీ మింగుతూ నెలలు గడిపేస్తారు. బీడీ, సిగరెట్టు పొగలోని విషం రక్తంలో కలిసి, వడకట్టబడి, మూత్రంతోపాటు మూత్రాశయంలోనే గంటల తరబడి నిలవ ఉంటుంది. రంగుల కర్మాగారాల్లో పనిచేసేవారికీ ఈ ముప్పు ఉందని జర్మనీ వైద్యుడు లుడ్విగ్ రేన్ 1895లోనే చెప్పాడు. ఒక్కసారి రక్తం కనబడినా యూరాలజిస్టు దగ్గరకు వెళ్ళాలి. పైపొరలో ఉండగా దొరికితే మూత్రాశయాన్ని కాపాడుకునే అవకాశం ఎక్కువ.

హంఫ్రీకి ఆ అవకాశం జారిపోయింది. 1973లో ముక్క పరీక్షలో క్యాన్సర్ బయటపడింది, రేడియేషన్ ఇచ్చారు. 1976 నాటికి అది మూత్రాశయం గోడలోకి చొచ్చుకుపోయింది. ఆ అక్టోబరులో న్యూయార్క్‌లో మూత్రాశయాన్ని తీసేశారు. ఆ ఆపరేషన్ అయినవాళ్ళు చాలామంది పొట్ట మీద మూత్రం చేరే సంచితో బతకాలి. వాసన వస్తుందేమో, కారుతుందేమో అన్న భయంతో పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ వెళ్ళడం మానేస్తారు. ఈ ఒంటరితనం మందులకు లొంగదు. పక్కన కూర్చుని మామూలుగా మాట్లాడే మనిషి కావాలి, అదే ఆపరేషన్ చేయించుకున్న మనిషయితే మరీ మంచిది. హంఫ్రీ తన జబ్బును దాచుకోలేదు. ఆసుపత్రిలో తోటి రోగుల గదులకు వెళ్ళి వాళ్ళను నవ్వించేవాడని చెబుతారు. నాకు ఆయన ఉపన్యాసాలన్నిటికన్నా అదే పెద్ద పని అనిపిస్తుంది.

1977 ఆగస్టులో కటిభాగంలో కణితి మళ్ళీ కనిపించింది. ఇక కోయడానికి వీల్లేదన్నారు. అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్ తన విమానంలో ఆయన్ను వాషింగ్టన్ తీసుకొచ్చాడు. నిండుగా ఉండే మనిషి ఎముకల గూడై సెనేట్‌లోకి వస్తే సభ్యులు కన్నీళ్ళు ఆపుకోలేకపోయారు. చివరి వారాల్లో ఆయన తనను ఓడించిన నిక్సన్‌కు ఫోన్ చేసి, తన అంత్యక్రియలకు రమ్మని పిలిచాడు. 1978 జనవరి 13న, 66 ఏళ్ళ వయసులో, మినెసోటాలోని వేవర్లీలో ఇంట్లోనే కన్నుమూశాడు. నిక్సన్ వచ్చాడు.

ఆ నెలలోనే, ఆ జబ్బు ఏళ్ళన్నిటిలో వెంట ఉన్న భార్య మ్యూరియల్‌ను ఆయన సెనేట్ స్థానంలో నియమించారు.