తొంభై రెండో వీధి వేదిక

న్యూయార్క్‌లో లెక్సింగ్టన్ అవెన్యూ, 92వ వీధి కలిసే మూలన ఉన్న భవనాన్ని ఊళ్లో వాళ్లు 'నైంటీ సెకండ్ స్ట్రీట్ వై' అంటారు. అసలు పేరు యంగ్ మెన్స్ హీబ్రూ అసోసియేషన్. 1874లో జర్మన్ మూలాలున్న యూదు వ్యాపారులు, వృత్తి నిపుణులు దీన్ని స్థాపించారు. క్రైస్తవ యువకులకు వైఎంసీఏ ఉన్నట్టే తమ కుర్రాళ్లకూ చదువుకోవడానికి, కసరత్తుకి, నలుగురిని కలవడానికి ఒక చోటుండాలన్నది వాళ్ల ఆలోచన.

1881లో జారు చక్రవర్తి రెండో అలెగ్జాండర్ హత్య తర్వాత రష్యాలో అల్లరి మూకలు యూదుల ఇళ్ల మీద పడ్డాయి. ప్రాణాలు అరచేత పట్టుకుని తూర్పు ఐరోపా యూదులు లక్షల్లో అమెరికా ఓడలెక్కారు. ముందొచ్చి నిలదొక్కుకున్న వాళ్లకు వెనకొచ్చిన వాళ్ల బాగోగులు బాధ్యతయ్యాయి. 1900లో బ్యాంకర్ జేకబ్ షిఫ్ విరాళంతో ఈ మూలనే సొంత భవనం వచ్చింది. అది చాలక 1930లో పెద్దది కట్టారు.

సంఘ భవనాలు చాలామటుకు తమవాళ్ల పండగలు, సభలతో ఆగిపోతాయి. ఇది ఆగలేదు. ఆ ఘనత ఎక్కువగా 1934లో విద్యా విభాగం పగ్గాలు చేపట్టిన విలియం కొలోడ్నీదే అంటాను. మరుసటి ఏడాదే మార్తా గ్రాహమ్ వంటి వాళ్లు ఇక్కడ నృత్యం నేర్పసాగారు. 1939లో కవిత్వ కేంద్రం మొదలైంది.

1953 మే 14న వేల్స్ కవి డిలన్ థామస్ తన స్వర నాటకం 'అండర్ మిల్క్ వుడ్'ని ఇక్కడే తొలిసారి నటులతో కలిసి చదివాడు. ప్రదర్శన వేళ దగ్గరపడుతున్నా నాటకం పూర్తికాలేదు. చివరి పుటలు అప్పటికప్పుడు రాసి నటుల చేతికిచ్చారు. ఎవరికో తోచి రికార్డింగు కోసం వేదిక మీద నేలన ఒక్క మైకు పెట్టారు. ఆ నవంబరులోనే థామస్ ఇదే నగరంలో కన్నుమూశాడు. ఆ ప్రదర్శన రాత్రి అతని గొంతు మనకు దక్కిందంటే ఆ మైకు చలవే.

అంతకన్నా నాకు గొప్పగా తోచేది నృత్య దర్శకుడు ఆల్విన్ ఐలీ కథ. నల్లజాతి నర్తకులకు పేరున్న వేదికలు దొరకడం గగనమైన రోజుల్లో, 1958 మార్చి 30న ఐలీ బృందం తొలి ప్రదర్శన ఇచ్చింది ఇక్కడే. 1960 జనవరి 31న 'రివలేషన్స్' కూడా ఇక్కడే పుట్టింది. టెక్సస్ పల్లెల్లో ఐలీ చిన్నప్పుడు విన్న చర్చి పాటలు, నదిలో బాప్తిస్మం ఇచ్చే దృశ్యాలే ఆ నృత్యానికి ప్రాణం. బానిసల బిడ్డల క్రైస్తవ భక్తి, యూదులు కట్టుకున్న వేదిక మీద లోకానికి పరిచయమైంది. దానివల్ల ఆ భవనం యూదుతనం తగ్గలేదు. పండగలు, ధర్మగ్రంథాల పాఠాలు, పిల్లల బడి అన్నీ సాగుతూనే ఉన్నాయి.

అందుకే 2023 అక్టోబరులో జరిగింది మనసుకు కష్టంగా ఉంటుంది. ఇజ్రాయెల్ మీద హమాస్ దాడి జరిగి రెండు వారాలు కాలేదు. ఇజ్రాయెల్ సైనిక చర్యను విమర్శించే బహిరంగ లేఖపై సంతకం చేసిన నవలాకారుడు వియెట్ థాన్ న్వెన్ సభను సంస్థ వాయిదా వేసింది. ఆ సభలో జరగాల్సిన సంభాషణ ఒక పుస్తకాల దుకాణంలో జరిగింది. కవిత్వ కేంద్రం సిబ్బంది కొందరు రాజీనామా చేశారు. ఆ ఏటి సాహిత్య కార్యక్రమాలు నిలిచిపోయాయి. దాడిలో తమవాళ్లను పోగొట్టుకున్న జనం దుఃఖం నాకు అర్థమవుతుంది. అయినా ఐలీకి చోటిచ్చిన వేదిక న్వెన్‌ని కూడా మాట్లాడనివ్వాల్సిందనే నా అభిప్రాయం.