హార్డుడిస్కునకు డయలు చేసిన విద్యార్థి

లినక్సు పుట్టుక టెలిఫోను తీగవద్దనే జరిగినదని చదివిననాడు నాకు గలిగిన యానందము ఇంతింత గాదు. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్సు, ఇంటినుండియే, టెలిఫోను తీగపై కంప్యూటర్లను గలుపు మోడెము ద్వారా విశ్వవిద్యాలయపు కంప్యూటరును చేరుటకై యొక టెర్మినలు ప్రోగ్రాము వ్రాసికొనెను. దానికి డిస్కును చదువు శక్తిని, ఫైళ్లను భద్రపరచు శక్తిని జేర్చగా జేర్చగా నది యాపరేటింగు సిస్టమయ్యెను. ఒకనాడు మోడెమునకు బంపవలసిన డయలింగు ఆజ్ఞలు పొరపాటున హార్డుడిస్కునకు బోయి, అందలి మినిక్సు అను వేరొక యాపరేటింగు సిస్టము చెడిపోగా, ఆతడు దానిని మరల నెక్కింపక తన లినక్సునే నమ్ముకొనెను.

మోడెము మాత్రమంతకు బూర్వమే యున్నది. 1962 నాటి బెల్ 103 సెకనునకు 300 బిట్లను మోసెడిది. నడుమ రెండు దశాబ్దములను దాటి 1981నకు వత్తము. నా మనసెల్ల నచ్చటనే యున్నది. ఆ యేట డెనిస్ హేస్, డేల్ హెదరింగ్టను అనువారల స్మార్ట్‌మోడెము వెలువడెను. ఏ.టి. అని టైపుచేసిన ఓకే యని బదులిచ్చును; ఆ రెండక్షరముల బిట్లను బట్టియే మన కంప్యూటరు వేగమును గ్రహించును. డి.టి. చేర్చి నంబరిచ్చిన టోనుతో, డి.పి. చేర్చిన పల్సుతో డయలు చేయును. ఆజ్ఞయు సమాచారమును ఒకే తీగపై నడచునపుడు, సంభాషణ మధ్యమున మోడెమును బిలుచుటెట్లు? మూడు ప్లస్ గుర్తులు, వానికి ముందొక సెకను, వెనుకనొక సెకను మౌనము! మౌనమునే యాజ్ఞగా మలచిన యీ యుపాయమునకు హెదరింగ్టను పేటెంటు పొందెను. యంత్రశాస్త్రమున నింతకన్న సొగసైన పరిష్కారమును నేనెరుగను.

మన దేశమున 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ఇంటర్నెట్టును సామాన్యులకిచ్చెను. 1996లో పీసీక్వెస్ట్ పత్రిక లినక్సు సీడీని బంచిపెట్టెను. 1955 నాటి సోవియట్ ఒప్పందముతో వెలసిన భిలాయి ఉక్కునగరమునకు శ్రీకాకుళ, విజయనగర ప్రాంతములనుండి వచ్చి స్థిరపడిన మన కుటుంబముల పిల్లలు, సెక్టారు క్వార్టర్లలో ఆ సీడీతో పాత కంప్యూటరు ముందు గూర్చుండి యెదుర్కొనిన మొదటి చిక్కు, నో డయల్‌టోన్ అను సందేశము. ఫోనెత్తిన టోను చక్కగా వినబడుచునే యుండును. అమెరికా టోనునకలవాటుపడిన మోడెము మన 400 హెర్ట్జుల ధ్వనిని గుర్తింపలేకుండెను. ఏ.టి. వెంట ఎక్స్3 చేర్చినంతనే, టోనుకై వేచియుండక డయలు చేసెడిది. విండోసులో కామ్1 అను పోర్టే లినక్సులో టీటీవైఎస్0 యని తెలిసినవానికి, మినికామ్ అను ప్రోగ్రాముతో పలుకరించి, సంబంధమును నడపు పీపీపీడీకి నప్పగించిన బని ముగిసెడిది.

తరువాత వచ్చినది విన్‌మోడెము. సంకేతముల లెక్కలు చేయు చిప్పును తొలగించి, ఆ భారమును విండోసు డ్రైవరుపై మోపి, చౌకగా నమ్మిరి. లినక్సున నట్టి కార్డు మూగది. లూసెంటువారి చిప్పునకు డ్రైవరు దొరికినను, కెర్నెలు మారిన ప్రతిసారి దానిని మరల కంపైలు చేయవలసి వచ్చెడిది. కొన్ని రూపాయల యాదాకై, ఎవ్వరైనను టైపుచేసి పలుకరింపదగిన యంత్రమును బోగొట్టుకొంటిమి. ఇది నాకు నేటికిని బాధాకరమే.

మీ యింటి యటకపైన సీరియలు తీగతోడి పాత ఎక్స్‌టర్నలు మోడెమున్నచో, దయచేసి పాతసామానువానికి వేయకుడు. సీరియలు పోర్టున్న యే లినక్సు కంప్యూటరునకైనను డ్రైవరక్కరలేకయే యది నేడును బదులిచ్చును.