మానై వంగునా? అలవాట్లు, మెదడు: ఒక నమ్మకం చరిత్ర

"మొక్కై వంగనిది మానై వంగునా" అనే సామెత మీరు ఇంట్లో వినే ఉంటారు. సంప్రదింపు తరగతుల్లో నేను దీన్ని ఏటా వింటాను. పగలంతా ఉద్యోగం చేసి, ఆదివారం పూట బస్సెక్కి వచ్చే విద్యార్థులు "సార్, ఈ వయసులో బుర్రకెక్కదు" అని మొదటిరోజే ఒప్పేసుకుంటారు. పొగాకు మానలేకపోతున్న వారూ ఇదే మాట అంటారు. ఈ నమ్మకానికి శాస్త్రం చాలాకాలం వంత పాడింది. ఆ తర్వాత మాట మార్చుకుంది. ఆ కథే ఈ పాఠం.

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో తారురోడ్లే కాక, ఎవరూ వేయని కాలిబాటలు చాలా ఉన్నాయి. నలుగురు నడిస్తే గడ్డి నలుగుతుంది, నలభైమంది నడిస్తే బాట పడుతుంది, ఆపైన కొత్తగా వచ్చినవాడి కాళ్లు కూడా అటే పోతాయి. అమెరికా మనోవిజ్ఞాని విలియం జేమ్స్ 1890లో వెలువడిన తన మనోవిజ్ఞాన గ్రంథంలో అలవాటును దాదాపు ఇలాగే వివరించాడు. నాడుల్లో ప్రేరణ ఒకసారి వెళ్లిన దారినే మళ్లీ వెళ్లడం సులువని, మెదడుకు ఆ మెత్తదనం, అంటే ప్లాస్టిసిటీ, ఉందని అన్నాడు. అయితే ముప్పై ఏళ్లు వచ్చేసరికి మనిషి స్వభావం గట్టిపడిపోతుందన్నదీ ఆయనే. నాడీకణాల నిర్మాణాన్ని వెలికితీసి 1906లో నోబెల్ బహుమతి పంచుకున్న స్పెయిన్ శాస్త్రవేత్త రామోన్ యి కహాల్, 1913-14లో ఇంకా గట్టిగా చెప్పాడు: పెద్దవారి మెదడులో నాడీమార్గాలు స్థిరపడిపోయాయి, ఇక మారవు. వీలైతే ఈ తీర్పును మార్చే పని రేపటి శాస్త్రానిది అని కూడా ఆయన అన్నాడు. తర్వాతివారు మొదటి సగాన్నే పట్టుకున్నారు. గొప్పవారి మాటలకు తరచూ జరిగేదే ఇది.

మన ప్రాంగణం మాత్రం ఆ తీర్పుకు లోబడలేదు. 1918లో ఉస్మానియా ఉర్దూ మాధ్యమంలో మొదలైంది. ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో ప్రారంభమైంది. 1948లో హైదరాబాద్ భారతదేశంలో కలిశాక బోధన ఇంగ్లీషులోకి మారింది. అప్పటిదాకా ఉర్దూలో పాఠం చెప్పి, ఇక్కడే ఉండిపోయిన అధ్యాపకులు నడివయసులో నోరు తిప్పుకోవలసి వచ్చింది. దాన్ని ఎవరూ మెదడు శాస్త్రం అనలేదు, ఉద్యోగం అన్నారు.

ఆ మరుసటి సంవత్సరమే, 1949లో, కెనడా శాస్త్రవేత్త డొనాల్డ్ హెబ్ ఒక ప్రతిపాదన చేశాడు. ఒక నాడీకణం మరోదాన్ని పదేపదే ప్రేరేపిస్తే ఆ రెంటి మధ్య బంధం బలపడుతుందని. 1964లో కాలిఫోర్నియాలో మేరియన్ డైమండ్, మార్క్ రోజెన్‌జ్వైగ్ బృందం, ఆటవస్తువులూ తోడూ ఉన్న పంజరాల్లో పెరిగిన ఎలుకల మెదడు పైపొర మందమైందని చూపింది. తర్వాత ముసలి ఎలుకల్లోనూ అదే కనిపించింది. ఇప్పుడు దీన్నంతా న్యూరోప్లాస్టిసిటీ అంటున్నాం. తెలుగులో నాడీ నమ్యత అనవచ్చు.

1982లో హైదరాబాద్‌లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. అంతకుముందు ఉస్మానియా ఉపకులపతిగా ఉన్న ఆచార్య జి. రాంరెడ్డి దానికి తొలి ఉపకులపతి. పెద్దవాళ్లు నేర్చుకోగలరన్నది దాని పునాది. ఆ పునాది గట్టిదేనని చెప్పే పరిశోధన 2017లో వచ్చింది. లక్నో పరిసర గ్రామాల్లో చదువురాని పెద్దలకు ఆరు నెలలు హిందీ చదవడం నేర్పి, ముందూ తర్వాతా మెదడును స్కాన్ చేశారు. చూపుకు సంబంధించిన భాగాల మధ్య అనుసంధానం మెదడు లోతట్టున ఉన్న థాలమస్ వరకూ మారింది. ఆ బృందంలో మన హైదరాబాద్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త కూడా ఉన్నారు.

ఇక్కడ నెల్లూరు గుర్తుకు రావాలి. 1990-91లో ఆ జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దిన దూబగుంట మహిళలు 1992 నాటికి సారా దుకాణాలపై తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో సడలించారు. వారి మెదళ్లను ఎవరూ స్కాన్ చేయలేదు కాబట్టి నేను ఎక్కువ చెప్పను. కానీ వారు తాగేవాడికి నీతులు చెప్పి ఊరుకోలేదు, ఇంటికెళ్లే దారిలోంచి దుకాణాన్నే తీయించారు. ఒక పనిని పదేపదే చేస్తే దాని అదుపు బేసల్ గాంగ్లియా అనే లోపలి భాగాలకు చేరుతుంది. అప్పుడు వేళ, చోటు, తోడు కనిపిస్తే చాలు, ఆలోచన లేకుండానే పని జరిగిపోతుంది. దుకాణం కనపడకపోవడం చిన్న సంగతి కాదు.

అయ్యప్ప దీక్షలో 41 రోజులు సిగరెట్ ముట్టనివారు మీకూ తెలిసే ఉంటారు. బట్టలు, నిద్ర, తిండి, స్నేహబృందం అన్నీ మారిపోతాయి కాబట్టి సాధ్యమవుతుంది. మాల తీశాక పాత చోటు, పాత తోడు తిరిగి వస్తాయి, కొందరికి సిగరెట్టూ తిరిగి వస్తుంది. పాత బాట చెరిగిపోదు. గంట కొట్టినా తిండి పెట్టకపోతే కుక్క లాలాజలం కార్చడం మానేస్తుంది, కొంత విరామం తర్వాత గంట వింటే మళ్లీ కారుస్తుంది. పావ్లోవ్ ఇది ఎప్పుడో గమనించాడు.

నా సంగతే చెప్తాను. ఇరవై ఏళ్లకు పైగా సిగరెట్ తాగాను. నాలుగింటికి తరగతి అయిపోగానే కాళ్లు తార్నాక చౌరస్తాకు దారితీసేవి. ఇరానీ చాయ్, ఒక సిగరెట్, మిత్రులతో వాదన. ఎన్నిసార్లు ఒట్టు పెట్టుకున్నానో లెక్కలేదు. ఒక వేసవిలో నెల రోజులు మా ఊళ్లో ఉంటే అది పెద్దగా గుర్తుకే రాలేదు. తిరిగొచ్చి చౌరస్తాలో బస్సు దిగిన సాయంత్రమే మళ్లీ వెలిగించాను. అప్పుడు ఒట్లు మానేసి దారి మార్చాను. నాలుగింటికి జేబులో వేయించిన పల్లీలు, లైబ్రరీ వైపు నడక, వెంట సిగరెట్ తాగని ఒక సహోద్యోగి. రెండుసార్లు జారాను. పల్లీలు సిగరెట్ చోటు తీసుకోవడానికి నాలుగైదు నెలలు పట్టింది. నికోటిన్ శరీరాన్ని కూడా పట్టుకుంటుంది, మీకు అవసరమైతే వైద్యుల సాయం తీసుకోండి. అందులో నామోషీ లేదు.

21 రోజుల్లో అలవాటు మారుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో, కొత్త పని అలవాటుగా స్థిరపడటానికి పట్టిన కాలం మధ్యస్థంగా 66 రోజులు. కొందరికి 18 సరిపోయాయి, కొందరికి 254 దాకా పడతాయని అంచనా వేశారు. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద నష్టం జరగలేదు. నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి అదే.

వచ్చే సంప్రదింపు తరగతికి ఒక కాగితం తెండి. మీరు వదిలించుకోవాలనుకునే ఒక అలవాటు ఏ వేళకు, ఎక్కడ, ఎవరి పక్కన మొదలవుతుందో వారం రోజులు గమనించి రాయండి. పేరు రాయనక్కర్లేదు.