మర్రినీడన తూం: కేస్లాపూర్‌లో మెస్రంల మృతస్మరణ

ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలంలోని కేస్లాపూర్‌లో ఏటా పుష్యమాస అమావాస్య రాత్రి జరిగే నాగోబా మహాపూజ గురించి పత్రికలు విస్తారంగానే రాస్తాయి గాని, దానికి ముందు అక్కడి మర్రిచెట్టు వద్ద గోండులలోని మెస్రం వంశీయులు తమలో చనిపోయిన వారి పేర జరిపే ‘తూం’ అనే కర్మకాండను ఒకటి రెండు వాక్యాలలో దాటవేయడం పరిపాటి. ఈ జాతరకు వంశ సమ్మేళన స్వభావం ఎలా అబ్బిందో తెలియాలంటే తూం దగ్గరే ఆగి చూడవలసి ఉంటుంది.

గోండు సమాజం నాలుగు ‘సగ’లుగా, అనగా ఏడుగురు, ఆరుగురు, ఐదుగురు, నలుగురు మూలపురుషులైన అన్నదమ్ముల నుంచి దిగివచ్చినట్లు చెప్పుకొనే నాలుగు పెద్ద వర్గాలుగా ఏర్పడి ఉంది. ఒకే సగకు చెందినవారు తోబుట్టువుల వరస కావడం వల్ల వారి మధ్య వివాహం నిషిద్ధం. మెస్రంలు ఏడుగురి సగకు చెందినవారు. అందువల్ల ఒక ఇంట పోయిన మనిషి, అతణ్ణి ఎన్నడూ చూడని దూరపు గూడెంలోని మెస్రంకు సైతం అన్నో తమ్ముడో అవుతాడు. ఆ ఇంటి దుఃఖం వంశమంతటికీ చెందుతుంది.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం మరణించిన అనంతరం గోండుల స్థితిగతులను పరిశీలించే పని నిజాం ప్రభుత్వం అప్పగించిన ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్, 1948లో వెలువడిన తన గ్రంథంలో ఈ విశ్వాసాల మూలాన్ని వివరించారు. దాని ప్రకారం దేహాన్ని నడిపే ప్రాణశక్తి ‘జీవ్’ వేరు, మరణించిన మనిషి వ్యక్తిత్వాన్ని నిలుపుకొని ఉండే ‘సనల్’ వేరు. ఈ సనల్ వంశదైవమైన పెర్సాపేన్ సన్నిధిలో పూర్వికులతో కలవడానికి బతికున్నవారు జరిపే క్రియలు అవసరం. మరణక్రియను ఒక కుటుంబం తన గడపలో ముగించుకోలేక వంశమంతా ఒకచోట చేరవలసి రావడానికి కారణం ఇదే.

ఆ చేరిక కూడా ఒక్కరోజులో జరిగేది కాదు. పెద్దలు ‘చకడా’ అనే చిన్న ఎడ్లబండిపై గూడేలు తిరిగి కబురు చెబుతారు. సిరికొండ కుమ్మరులకు పూజకుండలు పురమాయిస్తారు. మెస్రంలు జన్నారం మండలం కలమడుగు దగ్గర హస్తినమడుగు అనే గోదావరి రేవు వరకు కాలినడకన వెళ్లి, కలశంలో నీరు తెచ్చి, ఇంద్రాదేవికి మొక్కి, ఆపైన మర్రిచెట్టు వద్ద విడిది చేస్తారు. తూం జరిగేది ఈ విడిదిలోనే. గోండుల వంశగాథలను తరతరాలుగా పాడుతూ వస్తున్న పర్ధాన్‌ల వాద్యాలు లేనిదే అక్కడ ఏ క్రతువూ సాగదు. అన్ని కుటుంబాలవారు వచ్చినా ఎవరికి తోచినచోట వారు పొయ్యి పెట్టరు. గుడిని ఆనుకొని ప్రహరీ కట్టిన ‘గోవాడ్’ అనే ఆవరణలో, వంశంలోని 22 ‘కిత’లకు, అంటే ఉపశాఖలకు ఒక్కొక్కటి చొప్పున ఉన్న 22 పొయ్యిలపైనే వంతులవారీగా వండుకుంటారు.

మహాపూజ ముగిశాక కొత్తగా పెళ్లయిన కోడళ్లను దేవునికీ పెద్దలకూ చూపించే ‘భేటింగ్’ జరుగుతుంది, అది జరిగితే గాని ఆ కోడళ్లకు నాగోబాను కొలిచే అర్హత రాదు. పోయినవారి క్రియలు, వచ్చినవారి పరిచయం ఒకే సమ్మేళనంలో ఉండడం యాదృచ్ఛికం కాదు. రాతలో జనన మరణాల పట్టిక లేని కాలంలో వంశానికి తన మనుషులెవరో తేల్చుకొనే సందర్భం ఇదే అయి ఉండాలి. హైమెన్‌డార్ఫ్ చొరవతో 1940లలో మొదలైన ప్రజాదర్బారు అధికారులను జాతరకు రప్పించింది, దాని ఖ్యాతిని పెంచింది. అయితే దర్బారు వల్ల జాతర పుట్టలేదు, జాతరకు అప్పటికే జనం కూడుతున్నందువల్లనే దర్బారు అక్కడ పెట్టారు. 2022 డిసెంబరులో మెస్రంలు తమ చందాలతో కట్టుకున్న రాతి ఆలయం ప్రారంభమైంది. తూం మాత్రం ఆ తరువాత కూడా మర్రిచెట్టు వద్దనే జరుగుతున్నది.