జౌహర్: కర్నూలు వజ్రం, కలామ్ పండితుల పరమాణువు

తొలకరి జల్లులు పడగానే కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి చేలల్లో తలలు వంచుకొని తిరిగే జనం కనిపిస్తారు. దున్నిన నేలను వాన కడిగినప్పుడు పైకి తేలే రాళ్ళలో ఒక్కటైనా వజ్రం కాకపోతుందా అని వారి ఆశ. ఈ సీమ వజ్రాలకు పేరుపడటం ఈనాటిది కాదు. కడప సమీపాన పెన్న ఒడ్డున ఉన్న చెన్నూరులోను, బనగానపల్లెలోను ఒకప్పుడు వజ్రపు గనులు ఉండేవి. క్రీ.శ. 1652లో ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే గండికోటకు వచ్చి మీర్ జుమ్లాను కలుసుకొన్నాడు. మీర్ జుమ్లా గోల్కొండ సుల్తానుకు మంత్రి, సేనాని మాత్రమే కాదు, స్వయంగా వజ్రాల వ్యాపారి కూడా.

రత్నానికి పర్షియన్‌లో 'గౌహర్' అని పేరు. అది అరబ్బీలోకి వెళ్ళి 'జౌహర్' అయింది, బహువచనం జవాహిర్. అబూ రైహాన్ అల్ బీరూనీ రత్నాలపై రచించిన గ్రంథం పేరులో ఉన్నది ఈ మాటే. లోయలోకి మాంసపు ముక్కలు విసిరి, గద్దల చేత వజ్రాలు పైకి తెప్పించే కథలు ఆయన కాలానికే ప్రచారంలో ఉన్నాయి. ఆయన వాటిని నమ్మలేదు. మనలో కొందరు ఇంకా నమ్ముతున్నారు!

ఇదే మాట మదర్సాలో అడుగుపెట్టగానే మరో అర్థం ధరిస్తుంది. ఇల్మె కలామ్ పండితులు వస్తువులను విభజించుకొంటూ పోతే చివరకు ఇక విభజించ వీలులేని అంశం ఒకటి మిగులుతుందని వాదించి, దానికి 'అల్ జౌహరుల్ ఫర్ద్' అని పేరు పెట్టారు. 'జుజ్ లా యతజజ్జా' అన్నది కూడా దానికే పేరు. దర్సె నిజామీ చదివినవారికి ఇందులోని చమత్కారం తెలుసు. అల్లామా తఫ్తాజానీ (మరణం క్రీ.శ. 1390) రచించిన 'శర్హె అఖాయిద్' ఈ అంశాన్ని సమర్థిస్తుంది. అదే పాఠ్యక్రమంలోని తత్వశాస్త్ర గ్రంథం 'మైబుజీ' భౌతిక విభాగాన్ని దాని ఖండనతోనే ప్రారంభిస్తుంది! ఒకే విద్యార్థి ఒక పాఠంలో పరమాణువు ఉన్నదని, మరో పాఠంలో లేదని చదివేవాడు. ఇరుపక్షాల వాదాలను అప్పజెప్పగలిగితేనే అతడు చదివినట్లు లెక్క.

ఈ జౌహర్లు ఒకదానితో ఒకటి ఎలా అతుక్కొని ఉంటాయి? రాయిని పగులగొట్టడానికి సుత్తి ఎందుకు కావాలి? అష్అరీ పండితుల దృష్టిలో కలయిక అంటే జౌహర్లు పక్కపక్కన ఉండటమే. వాటికి స్వతహాగా పట్టు ఏమీ లేదు. అల్లాహ్ ప్రతి క్షణం గుణాలను సృష్టిస్తూ ఉండటం వల్లనే లోకం నిలిచి ఉన్నది. ముఅతజిలా వర్గానికి చెందిన అబూ హాషిమ్ అల్ జుబ్బాయీ (మరణం హిజ్రీ 321, క్రీ.శ. 933) దీనికి ఒప్పుకోలేదు. కేవలం పక్కన ఉండటమే అయితే విడదీయటం ఇంత కష్టం కాకూడదు గదా అన్నాడు. కాబట్టి 'తాలీఫ్' అనే ఒక గుణం ఉన్నదని, అది ఒకేసారి రెండు జౌహర్లలో నెలకొని ఉంటుందని, రెండింటికి మించి ఉండదని అతని సిద్ధాంతం. మూడింటిలో ఉన్నట్లయితే ఒకటి తొలగినప్పుడు మిగిలిన రెండింటి కలయిక కూడా నశించాలి. అలా జరగటం లేదు. ఒకే గుణం రెండు స్థానాల్లో ఎలా ఉంటుందని అష్అరీలు దీనిని తోసిపుచ్చారు. అల్లామా ఈజీ తన 'మవాఖిఫ్'లో ఈ వాదాన్ని పేర్కొన్నారు.

రసాయన శాస్త్రం కూడా చదివినవాడు ఇక్కడ ఒక్క క్షణం ఆగుతాడు. ఎందుకో తెలియాలంటే మళ్ళీ మన చేలోని వజ్రం దగ్గరకు రావాలి.

1772లో లెవోయిజర్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వజ్రాన్ని కాల్చి చూశాడు. వజ్రాన్ని కాల్చినా, సమానమైన బరువుగల బొగ్గును కాల్చినా ఒకే పరిమాణంలో కార్బన్ డయాక్సైడ్ వాయువు వస్తుందని 1797లో ఇంగ్లండులో టెన్నెంట్ నిరూపించాడు. అనగా నవాబుల తలపాగాలోని రత్నం, వంటింటి పొయ్యిలోని బొగ్గు ఒకే మూలకం. తేడా అంతా కూర్పులో ఉన్నది. 1897లో థామ్సన్ ఎలక్ట్రానును కనుగొన్నాడు. 1913లో బోర్ ఎలక్ట్రానులను కేంద్రకం చుట్టూ వరుసలుగా అమర్చాడు. అదే సంవత్సరం బ్రాగ్ తండ్రీకొడుకులు ఎక్స్ కిరణాలతో వజ్రంలోని అమరికను బయటపెట్టారు. 1916లో అమెరికా శాస్త్రజ్ఞుడు లూయిస్, రెండు పరమాణువులు ఒక ఎలక్ట్రాను జంటను ఉమ్మడిగా పంచుకోవటమే బంధమన్నాడు.

కార్బన్‌కు ఆరు ఎలక్ట్రానులు. లోపలి కర్పరంలో రెండు, వెలుపలి కర్పరంలో నాలుగు. వెలుపల ఎనిమిది నిండితే స్థిరత్వం వస్తుంది కనుక అది నాలుగు దిక్కుల నలుగురు పొరుగువారితో ఒక్కొక్క జంటను పంచుకొంటుంది. ఆ పొరుగువారూ అంతే. ఇలా రాయి అంతటా అల్లుకొన్న వలలో సడలే చోటు లేదు. వజ్రపు కాఠిన్యం అదే. పెన్సిలులోని గ్రాఫైటూ కార్బనే. కాని అందులో ప్రతి పరమాణువు ముగ్గురితోనే గట్టిగా బంధించుకొని పలకలుగా పేరుకొంటుంది. నాలుగవ ఎలక్ట్రాను పలక అంతటా తిరుగుతుంది. అందుకే పలకలు జారి కాగితం మీద గీత పడుతుంది.

కడప వైపు చూస్తే మంగంపేట ముగ్గురాయి ఉన్నది. దానిని బెరైటీసు అంటారు. దాని కథ వేరు. అందులో బేరియం తన 56 ఎలక్ట్రానులలో వెలుపలి రెండింటిని పూర్తిగా వదులుకొంటుంది. సల్ఫేటు వాటిని తీసుకొంటుంది. ఇది పంపకం కాదు, దానం. ఇచ్చినది ధనావేశం, పుచ్చుకొన్నది ఋణావేశం పొంది ఒకదానినొకటి ఆకర్షించుకొంటాయి. నీటికి నాలుగున్నర రెట్లు బరువైన ఆ రాయి పొడి చమురు బావులు తొలిచేటప్పుడు అవసరం. కనుక రాజంపేట, రాయచోటి యువకుల మాదిరే అదీ గల్ఫుకు ప్రయాణమైంది.

ఇప్పుడు అబూ హాషిమ్ సంగతి. రెండింటిలో ఒకేసారి నెలకొని, రెండింటికే పరిమితమై, విడదీయటాన్ని కష్టం చేసే తాలీఫ్. లూయిస్ చెప్పిన ఎలక్ట్రాను జంట! వెయ్యేండ్ల క్రితమే మనవారు కనిపెట్టారని వేదికలపై చెప్పటానికి ఇంతకంటె ఏమి కావాలి? అలా చెప్పకూడదని నా అభిప్రాయం. కలామ్ పండితుల జౌహర్లన్నీ ఒకే తీరువి. కార్బన్‌కు నాలుగు బంధాలు, బేరియంకు రెండు ఆవేశాలు ఎందుకో వారి తాలీఫ్ చెప్పలేదు; వారు అడిగిన ప్రశ్న అది కాదు. పైగా ఇంట్లోని రాగి చెంబే ఆ నియమాన్ని ఉల్లంఘిస్తుంది. లోహాలలో ఎలక్ట్రానులు ఏ ఇద్దరి సొత్తూ కాదు, మొత్తం సమూహానివి. అబూ హాషిమ్ ఘనత అతని ప్రశ్నలో ఉన్నది. సుత్తిదెబ్బను చూసి, పట్టుకు కారణం ఉండాలని అడిగాడు.

'జర్రా' అనే ఖుర్ఆన్ పదం గురించి కూడా ఇదే ధోరణి వినిపిస్తున్నది. జిల్‌జాల్ సూరాలోని ఆ మాటకు పూర్వ ముఫస్సిర్లు చిన్న చీమ అనీ, ఎండ కిరణంలో కనిపించే ధూళికణం అనీ అర్థం చెప్పారు. ఆధునిక అరబ్బీ అనువాదకులు పాశ్చాత్య శాస్త్రంలోని పరమాణువుకు ఆ మాటను ఎంచుకొన్నారు. తరువాతి పాఠకుడు ఆ కొత్త అర్థాన్ని పట్టుకొని వెనుకకు వెళ్ళి వహీలో చదువుతున్నాడు. ఉర్దూవారు 'జర్రా'కు బదులు 'జౌహర్' ఎంచుకొన్నారు కనుక ఈ వాదం ఉర్దూ రసాయన గ్రంథాలలో పుట్టనే లేదు! 1808లో డాల్టన్ పరమాణువు విభజించ వీలులేనిదన్నప్పుడు మన అఖీదాను దానికి ముడివేసి ఉంటే, 1897లో ఎలక్ట్రాను బయటపడినప్పుడు ఏమి చేసేవారము?

ఉర్దూ పదాల విషయంలో హైదరాబాదులో 1917లో ఏర్పడిన ఉస్మానియా అనువాద సంస్థ సేవ గొప్పది. దాని తొలి నాజిమ్ మౌల్వీ అబ్దుల్ హఖ్, 'బాబాయె ఉర్దూ'. 1947లో కర్నూలులో ఉస్మానియా కళాశాల స్థాపించిన డాక్టర్ అబ్దుల్ హఖ్ వేరు. మన జిల్లాలోనే ఇద్దరినీ ఒకరుగా భావించేవారున్నారు. ఉర్దూలో పరమాణువు జౌహర్, ఎలక్ట్రాను బర్ఖియా, వేలన్సీ 'గిరిఫ్త్', అంటే పట్టు. పంచుకొనే బంధాన్ని అరబ్బులు వాటాదారుల మాటతో 'తసాహుమీ' అన్నారు. తెలుగు పాఠ్యగ్రంథాలు 'సమయోజనీయ' అన్నాయి. బంధానికి అరబ్బీలో రాబితా, ఉర్దూలో బంద్. తాలీఫ్‌ను మాత్రం ఎవరూ తీసుకోలేదు. అది గ్రంథాలు కూర్చే పనికి పేరుగా నిలిచింది. ఆ ఉస్మానియా సంస్థ పేరే 'షోబయె తాలీఫ్ ఓ తర్జుమా'.